పొలంలో నీళ్ళు కూర్చోకూడదు: తుఫానుకి ముందు మూడు రోజులు, పోయాక పది రోజులు

ఫైలిన్ 2013 అక్టోబర్ 12, హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12, తిత్లీ 2018 అక్టోబర్ 11. ఈ మూడు తుఫాన్లు తీరం దాటిన తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి ఒకసారి. సరిగ్గా మన వరి పొట్ట దాటి ఈనిక మీద ఉండే రోజులు, గింజలో పాలు పోసుకునే రోజులు. గులాబ్ ఇంకాస్త ముందే, 2021 సెప్టెంబర్ 26న కళింగపట్నానికి ఉత్తరంగా తీరం దాటింది. అందుకే దసరా వస్తోందంటే మా ఇంట్లో కొత్త బట్టలకంటే ముందు అటక మీదున్న బరకాలు దింపి చిరుగులు చూసుకుంటాం.

మాది శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట వైపు, వంశధార ఎడమ కాలువ కింద నాలుగెకరాలు. అత్తారిది కవిటి, ఉద్దానం కొబ్బరి, జీడి. కాబట్టి పల్లం బాధ తెలుసు, తోట బాధ కూడా తెలుసు. తిత్లీలో మా చేను, పక్క చేను రెండూ ఒకేలా పడుకున్నాయి, ఒకటే గాలి కదా. కానీ వాళ్ళ మడిలో నీళ్ళు రెండో రోజుకే దిగిపోయాయి, మా మడిలో వారం రోజులు నిలిచాయి ఎందుకంటే మా వైపు మురుగు కాలువలో తూటుకాడ, గుర్రపుడెక్క పేరుకుపోయి ఉంది, ఆ ఏడాది ఎవరం తియ్యలేదు. వాళ్ళకి ఎకరాకి పదకొండు బస్తాలు వచ్చాయి, మాకు నాలుగు, అవీ రంగు మారి. మా తాత వరసాయన ఒకాయన గట్టు మీద నిలబడి "గాలొచ్చి ఎల్లిపోద్ది బాబూ, నీరు కూకుంటాది, దాన్ని లెగ్గొట్టాల" అన్నాడు. అప్పట్నుంచి నేను ఏ పని చేసినా ముందు నీళ్ళ దారి చూసుకునే చేస్తున్నా. కింద రాసిందంతా ఆ లెక్కలోనే ఉంటుంది.

వార్త ఎలా వినాలి

టీవీలో గ్రాఫిక్స్ చూసి భయపడటం కాదు, మూడు ముక్కలు పట్టుకోండి చాలు. ఒకటి గాలి. గంటకి 62 కిలోమీటర్లు దాటితే తుఫాను, 88 దాటితే తీవ్ర తుఫాను, 118 దాటితే అతి తీవ్ర తుఫాను అంటారు. తిత్లీ తీరం దాటేటప్పుడు 140 నుంచి 150 వేగంతో ఉంది, అందుకే కొబ్బరి చెట్లు వేళ్ళతో సహా లేచిపోయాయి. 60, 70 గాలైతే అరటి, చెరుకు, బొప్పాయికి భయం గానీ జీడిచెట్టు తట్టుకుంటుంది.

రెండోది వాన. రోజులో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ, 204.5 దాటితే అత్యంత భారీ, రెడ్ అలర్ట్ అంటే మామూలుగా ఈ ఆఖరిదే. మిల్లీమీటర్ అంటే మనకి అంతగా తెలీదు కదా, ఇలా లెక్కేసుకోండి, ఎకరం మీద ఒక్క మిల్లీమీటర్ వాన అంటే సుమారు 4 వేల లీటర్లు. 200 మిల్లీమీటర్లు పడిందంటే ఎకరానికి 8 లక్షల లీటర్లు. ఇప్పుడు మీ మడికి ఉన్న మదుము, అదే నీళ్ళు పోయే తూము, ఎంత ఉందో గుర్తు తెచ్చుకోండి, అందులోంచి ఆ నీళ్ళన్నీ పోవాలి, పైమడి నీళ్ళు కూడా అందులోంచే పోవాలి.

మూడోది మనవాళ్ళు ఎక్కువగా మర్చిపోయేది, ఒడిశాలో వాన. వంశధార, నాగావళి రెండూ ఒడిశా కొండల్లో పుట్టినవే, మహేంద్రతనయ, బాహుదా కూడా అటు నుంచి వచ్చేవే. మన ఊళ్ళో ఎండ కాస్తున్నా పైన కుండపోత పడితే నీళ్ళు మన మీదకే వస్తాయి. గాలి తగ్గింది కదా, ఇంక పోయింది అని ఊపిరి పీల్చుకున్నాక ఏరు లేచిన సందర్భాలు మనకి ఉన్నాయి. అందుకే గాలి ఆగాక కూడా వంశధార మీద గొట్టా బ్యారేజీ గేట్లు ఎన్ని ఎత్తారు, నాగావళి మీద తోటపల్లి దగ్గర ఎంత వదులుతున్నారు, విజయనగరం వైపు వాళ్ళైతే మడ్డువలస పరిస్థితి ఏంటి అని రెండు రోజులు కనుక్కుంటూనే ఉండాలి. మొదటి ప్రమాద హెచ్చరిక వచ్చిందంటే ఏటి ఒడ్డు మడుల్లో మోటార్లు ఉన్నవాళ్ళు అప్పుడే ఊడదీసుకోవాలి, రెండోది వచ్చేదాకా ఆగొద్దు, అప్పటికి దారే ఉండదు.

మూడు రోజుల ముందు: కాలువే మొదలు

తుఫాను పుట్టే అవకాశం ఉందని 72 గంటల ముందే వాతావరణ శాఖ చెప్తుంది, 48 గంటల ముందు అలర్ట్, 24 గంటల ముందు వార్నింగ్. ఆ మొదటి రోజు చెయ్యాల్సింది ఒకటే పని, ఊరి మురుగు కాలువ. మీ ఒక్కరి మడి ముందు తీస్తే లాభం లేదు, నీళ్ళు మీ మడి దాటి కింద ఆగితే మళ్ళీ వెనక్కే తంతాయి. కాలువ గెడ్డలో, అంటే వాగులో, కలిసే చోటు నుంచి మొదలుపెట్టి పైకి తీసుకుంటూ రావాలి, అందరూ తమ మడి దగ్గర మొదలుపెట్టి కిందకి పోదామనుకుంటారు, అది తప్పు, కింద నోరు తెరవకుండా పైన తవ్వితే నీళ్ళన్నీ ఒకచోట చేరి కింద వాడి చేను ముంచుతాయి. తూములు, కల్వర్టుల కింద ఇరుక్కున్న కొమ్మలు, ప్లాస్టిక్ సంచులు తీసెయ్యాలి. చేపల కోసం కాలువకి అడ్డం పెట్టిన వలలు, తడికలు కూడా. ఇది చెప్తే కోపాలొస్తాయి గానీ మూడు రోజులే కదా అని నచ్చజెప్పండి.

తర్వాత మీ మడి. ఈనిక మీదున్న చేలో పలచగా రెండు వేళ్ళ నీరుంచి మిగిలింది తీసెయ్యండి, గింజ గట్టిపడిన చేలో అయితే పూర్తిగా ఆరగట్టండి. నేల గట్టిగా ఉంటే వేరు పట్టు ఉంటుంది, చేను అంత తేలిగ్గా పడదు. ప్రతి మడికీ దిగువ మూలలో గండి ముందే కోసి దాని నోట్లో గడ్డి మోపు పెట్టి ఉంచండి, వాన మొదలయ్యాక అర్ధరాత్రి పార పట్టుకుని వెళ్ళే అవసరం రాకూడదు. పాములు, తెగిన కరెంటు తీగలు, రెండూ ఆ టైంలోనే కాటేస్తాయి. ఇంకొకటి, గండి కొట్టేటప్పుడు కింద మడి వాళ్ళకి ఒక మాట చెప్పండి. చెప్పకుండా కొట్టి తర్వాత కర్రలు పట్టుకున్న గొడవలు మా ఊళ్ళో నేనే చూశాను, చెప్తే వాళ్ళే వచ్చి వాళ్ళ గండి కూడా తీసుకుంటారు.

ఆ మూడు రోజులూ యూరియా చల్లొద్దు, మందు కొట్టొద్దు. డబ్బులు వానలో కలిసిపోతాయి. వేసిన యూరియా ఏపుగా లేపి చేను ఇంకా తేలిగ్గా పడేలా చేస్తుంది.

కొయ్యాలా వద్దా

ఫోన్ చేసి అందరూ అడిగే ప్రశ్న ఇదే. నా లెక్క ఇది: వెన్నులో నూటికి 80, 90 గింజలు పసుపు తిరిగి, చైన్ మిషన్ (బురదలో నడిచే కోత మిషన్) దొరికి, ధాన్యం పెట్టుకోవడానికి కప్పున్న చోటు ఉంటేనే కొయ్యండి. ఈ మూడింటిలో ఒకటి లేకపోయినా ముట్టుకోవద్దు. పచ్చి మీద కోస్తే తాలు, నూకే మిగులుతుంది. చేత్తో కోసి పనలు (కోసిన వరి పిడికిళ్ళు) మడిలో పరిచేసి వాన వస్తుందని తెలిసి కూడా వదిలేయడం అన్నిటికంటే పెద్ద నష్టం. నిలబడ్డ చేను తడిసినా గాలికి ఆరుతుంది, నేల మీద పరిచిన పన తడిస్తే మూడో రోజుకి మొలక వస్తుంది. నవంబర్, డిసెంబర్‌లో అల్పపీడనం అంటూ వార్త వినగానే చేత్తో కోత ఆపెయ్యాలి, కూలీలు మళ్ళీ దొరకరేమో అని కొంతమంది కానిచ్చేస్తారు, ఆ తొందరే ముంచుతుంది.

ఇప్పటికే పనలు మడిలో ఉంటే ఉన్నపళంగా మోసుకొచ్చి కుప్ప వెయ్యాల్సిందే. పూర్తిగా ఆరకపోతే కుప్ప లోపల వేడెక్కుతుంది, అందుకని వరస వరసకీ కల్లుప్పు చల్లండి, ఎకరం పనలకి 25 కిలోల దాకా పడుతుంది. చోటు మెరకగా ఉండాలి, కింద సరుగుడు గెడలో తాటిమట్టలో పరిచి వాటి మీద వెయ్యాలి, వెన్నులు లోపలికి, మొదళ్ళు బయటికి, పైకి వెళ్ళేకొద్దీ గూడులా వాలు రావాలి. చుట్టూ జానెడు లోతు కాలువ తియ్యండి. బరకం కప్పి తాళ్ళకి రాళ్ళు కట్టి వేలాడదీస్తే చాలదు, పెద్ద గాలికి రాళ్ళతో సహా లేస్తుంది, నాలుగు మూలలా గూటాలు పాతి కట్టాలి. కళ్ళంలో నూర్చేసిన ధాన్యం ఉంటే అమ్మకం సంగతి తర్వాత, ముందు బస్తాలకి ఎత్తి బడి వరండానో కమ్యూనిటీ హాలో చూసుకోండి, ఊరి పెద్దలతో మాట్లాడితే కాదనరు.

తోటలు

అరటికి రెండు గెడలు కత్తెరలా వేసి గెల కింద కట్టాలి, ఒక్క గెడ ఒకవైపే ఆపుతుంది, తుఫాను గాలి ఒకవైపు నుంచే రాదు. పక్వానికి దగ్గరున్న గెలలు కోసెయ్యడమే మంచిది. చెరుకుకి నాలుగైదు గెడలు కలిపి జడచుట్టు వేసి రెండు వరసలు కలిపి కట్టెయ్యండి, బొబ్బిలి, రాజాం వైపు వాళ్ళకి ఇది నేను చెప్పక్కర్లేదు, కాకపోతే ఆగస్టులో ఒకసారి వేశాం కదా అని ఊరుకోకండి, అక్టోబర్‌కి గెడ ఇంకో నాలుగడుగులు పెరిగిపోయి ఉంటుంది.

కొబ్బరికి ముదురు కాయలన్నీ దించెయ్యండి, కింది ఎండు మట్టలు కొట్టించెయ్యండి, తల బరువు తగ్గితే ఊగడం తగ్గుతుంది. ఆ దించిన కాయలు, మట్టలు తోటలో వదలకండి, ఆ గాలికి కొబ్బరికాయ ఎగిరొచ్చి తగిలితే గోడే పగులుతుంది. ఇంటి మీదకి వాలిన చెట్టు ఏదైనా ఉంటే మొహమాటం లేకుండా ముందే తీయించండి. జీడిలో గాలి దూరేలా లోపలి కొమ్మలు కాసిని తియ్యడం వానాకాలం మొదట్లో చెయ్యాల్సిన పని, ఆఖరి రోజు చేస్తే గాయాలు పచ్చిగా ఉండి తెగులు పడుతుంది.

ఇల్లు, మనుషులు, పశువులు

ఉద్దానం వాళ్ళకి ముఖ్యంగా ఒక మాట. మన ఇళ్ళల్లో కిడ్నీ జబ్బుతో డయాలసిస్ మీదున్నవాళ్ళు ఉన్నారు. చెట్లు రోడ్డుకి అడ్డం పడితే పలాస వెళ్ళడానికి అరగంట దారి రెండు రోజులు పట్టొచ్చు. అలర్ట్ రాగానే, అంటే ఇంకా ఎండ కాస్తుండగానే, వాళ్ళని పలాసలోనో శ్రీకాకుళంలోనో ఆస్పత్రికి దగ్గరున్న చుట్టాల ఇంటికి పంపించెయ్యండి. వీలైతే డయాలసిస్ ఒకరోజు ముందుకి జరపమని డాక్టర్‌ని అడగండి. నెలలు నిండిన ఆడవాళ్ళని కూడా అలాగే. ఇది పంటకంటే ముందు పని, ఇక్కడ రాశాను గానీ అసలు అన్నిటికంటే పైన ఉండాల్సింది.

తిత్లీ తర్వాత కరెంటు లేక బోర్లు ఆడక తాగే నీళ్ళకి పడ్డ అవస్థ మా అత్తారి ఊరు ఇంకా మర్చిపోలేదు. ట్యాంకు, గంగాళాలు, బిందెలు, అన్నీ ముందు రోజే నింపి మూతలు పెట్టండి. ఫోన్లు, పవర్ బ్యాంకులు, ఛార్జింగ్ లైట్లు నింపుకోండి. పాస్ పుస్తకం, ఆధార్, బ్యాంక్ బుక్, కౌలు కార్డు, ఇన్సూరెన్స్ రసీదు ఒక ప్లాస్టిక్ కవర్లో మడిచి దాన్ని ఇంకో కవర్లో పెట్టి నడుముకి కట్టుకునేంత దగ్గర ఉంచుకోండి. వాడే మందులు పది రోజులకి తెచ్చుకోండి. ఊరికి ఒక చెట్లు కోసే మిషన్, దానికి పెట్రోల్, ఇది పంచాయతీలో ఎవరో ఒకరి దగ్గర ఉండేలా చూసుకుంటే రోడ్డు మీ అంతట మీరే తెరుచుకోవచ్చు.

పశువుల్ని కట్టేసి మాత్రం వదలకండి. పునాది గట్టిగా ఉన్న మెరక చోటికి తోలండి, కుదరకపోతే తాళ్ళు విప్పెయ్యండి, అవి తమ దారి చూసుకుంటాయి, కట్టేసిన చోటే మునిగిపోయిన గేదెని చూసినవాళ్ళు ఆ తాడు సంగతి జన్మలో మర్చిపోరు. చెవి ట్యాగ్ నంబర్ కనిపించేలా ఒక్కోదానికి ఫోటో తీసి ఉంచుకోండి. గొంతువాపు, జబ్బవాపు టీకాలు తొలకరికి ముందే వేయించి ఉండాలి, వేయించకపోతే నీళ్ళు దిగాక అవే వస్తాయి. గడ్డి మేటు మీద కూడా ఒక బరకం వెయ్యండి, వారం రోజుల మేత అదే.

ఆ రాత్రి గురించి ఎక్కువ చెప్పేది లేదు. పెంకుటిల్లు, రేకుల షెడ్డు, పూరిల్లు అయితే షెల్టర్‌కి వెళ్ళిపోండి, అధికారులు వచ్చి బతిమాలేదాకా ఉండకండి. మెయిన్ స్విచ్ ఆపెయ్యండి. గాలి హఠాత్తుగా ఆగి ఆకాశం తేటపడినా బయటికి రాకండి, అది తుఫాను కన్ను మన మీద ఉన్నట్టు, కాసేపట్లో రెండోవైపు నుంచి ఇంకా గట్టిగా కొడుతుంది. రోడ్డు మీద నీళ్ళు పారుతుంటే బండి దింపొద్దు. ఆపదలో 112 గానీ 1070 గానీ చెయ్యండి.

తెల్లారాక

కాళ్ళకి చెప్పులు, చేతిలో కర్ర లేకుండా పొలం వెళ్ళకండి. పడిన తీగలు కరెంటు పోయిందిలే అని తొక్కొద్దు, ఎవరో జనరేటర్ వేసినా వెనక నుంచి రావొచ్చు, 1912కి చెప్పండి. మునిగిన మోటార్ ఆరిందని మీరే స్టార్టర్ నొక్కకండి, మెకానిక్‌తో విప్పించి ఆరబెట్టించి చూపించాకే. నీళ్ళు కాచి తాగండి. బావుల్లో బ్లీచింగ్ వేయించండి. పాము కరిస్తే కట్టు కట్టి మంత్రం పెట్టించడం కాదు, కరిచిన కాలో చెయ్యో కదపకుండా నేరుగా ఆస్పత్రి. బురదలో పనిచేసిన వారం పదిరోజుల్లో జ్వరం, పిక్కల నొప్పులు, కళ్ళెర్రదనం వస్తే డాక్టర్‌కి వరద నీళ్ళలో దిగామని తప్పకుండా చెప్పండి, ఎలుక జ్వరం అయ్యుండొచ్చు.

పశువులకి బూజు పట్టిన గడ్డి, మొలకెత్తిన ధాన్యం కుప్పలుగా పెట్టొద్దు, పొట్ట ఉబ్బుతుంది. పశు అంబులెన్స్‌కి 1962.

వరి చేను

ముందు నీళ్ళు. గండ్లు తెరిచి మూడు రోజుల్లోపు చేను తలలు బయటపడాలి. అప్పుడే ఊడ్చిన, అంటే నాట్లు వేసిన, చేను వారం దాకా మునిగినా ఒక్కోసారి తేరుకుంటుంది, ఈనిక మీద మునిగిందంటే రెండు రోజులకే తాలు మొదలవుతుంది. అందుకే ఇంజన్ పెట్టి తోడాల్సి వస్తే ఊడ్చిన మడి కంటే ఈనిక మడికి ముందు పెట్టండి.

ఆగస్టు, సెప్టెంబర్ వరద అయితే, అంటే చేను ఇంకా పిలకల మీద ఉంటే, నీళ్ళు దిగాక ఆకుల మీద మట్టి ఉంటుంది, వాన కడగకపోతే స్ప్రేయర్‌తో మంచినీళ్ళు కొట్టి కడగండి. రెండు మూడు రోజులు ఆగి కొత్త ఆకు కనిపించాక ఎకరాకి 20 నుంచి 25 కిలోల యూరియా, 15 కిలోల పొటాష్ వెయ్యండి. కొత్త ఆకు రాకుండానే వేస్తే తీసుకునే వేరు లేదు. ఆకు అంచులు పసుపెక్కి పైనుంచి కిందకి ఎండుతుంటే అది ఎండాకు తెగులు, అప్పుడు యూరియా అసలు వెయ్యకూడదు, నత్రజని పడిందా మంట మీద నూనె పోసినట్టే. దుబ్బు మొదట్లో పాము చర్మంలా మచ్చలు వస్తే పాముపొడ, లీటరుకి హెక్సాకొనజోల్ 2 మిల్లీలీటర్లు గానీ వాలిడామైసిన్ 2 మిల్లీలీటర్లు గానీ దుబ్బుల మొదలు తడిసేలా కొట్టాలి. షాపులో రెండు మూడు డబ్బాలు కలిపి కొట్టమంటారు, వద్దు.

నారుమళ్ళు పోతే కంగారు పడి ఎక్కడో ముదురు నారు కొనేస్తారు. ముదురు నారే దిక్కైతే దగ్గర దగ్గరగా, కుదురుకి నాలుగైదు మొక్కలు వేసి ఊడ్చండి. లేదా 120 రోజుల్లో వచ్చే ఎంటీయూ 1010 లాంటి తక్కువ కాలం రకం విత్తనం మొలక కట్టి దమ్ము చేసిన మడిలో డ్రమ్ సీడర్‌తో వేసుకోండి. ప్రతి ఏటా మునిగే పల్లం మడి మీకు ఉంటే వచ్చే ఏడాదికి రకమే మార్చండి, స్వర్ణ సబ్-1 రెండు వారాల దాకా ముంపు తట్టుకుంటుంది, ఎంటీయూ 1064 కూడా ముంపు భూమికి పనికొస్తుంది. రాగోలు వ్యవసాయ పరిశోధన స్థానం మన దగ్గరే ఉంది, శ్రీకాకుళం సన్నాలు అక్కడి నుంచి వచ్చినదే, వెళ్ళి మీ మడి సంగతి చెప్పి అడగండి, సర్వే నంబర్ కాదు, ఎన్ని రోజులు ఎంత లోతు నిలుస్తుందో చెప్పండి.

గింజ గట్టిపడ్డ చేను పడిపోతే నాలుగైదు కుదుళ్ళు కలిపి లేపి కట్టండి. కూలీ ఖర్చు అవుతుంది, నిజమే, మొత్తం కట్టలేకపోతే నీళ్ళు నిలిచిన చోటైనా కట్టండి. వెన్ను మీదే మొలక రాకుండా ఉప్పు నీళ్ళు కొట్టాలి, లీటరుకి 50 గ్రాముల కల్లుప్పు, ఎకరాకి 200 లీటర్లు అనుకుంటే 10 కిలోల ఉప్పు, బాగా కరిగించి గుడ్డతో వడకట్టి వెన్నులు తడిసేలా. కొట్టాక స్ప్రేయర్ కడుక్కోండి లేకపోతే తుప్పు పడుతుంది. వాన తెరిపి ఇచ్చిన మొదటి గంటల్లోనే కొట్టాలి, మొలక కనిపించాక కొట్టి లాభం లేదు.

కోసిన పనలు మునిగితే గట్ల మీదకి తెచ్చి చిన్న చిన్న కట్టలుగా నిలబెట్టండి, అదే ఉప్పు నీళ్ళు కొట్టండి, తిరగేస్తూ ఆరబెట్టండి. నూర్చిన ధాన్యం తడిస్తే, ఎండ లేకపోతే, క్వింటాకి కిలో ఉప్పు, 20 కిలోల పొడి ఊక కలిపి పోగు పెడితే ఏడెనిమిది రోజులు మొలక, రంగు మార్పు ఆగుతాయి, ఎండ వచ్చాక ఆరబోసి తూర్పారబట్టుకోవచ్చు. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటకూడదు. ఇంటి ముందు సిమెంట్ రోడ్డు మీద పలచగా పోసి గంటకోసారి కాళ్ళతో తిప్పండి.

మొక్కజొన్న నీళ్ళు నిలిస్తే వరి కంటే ముందే పడిపోతుంది, రెండు రోజులు చాలు. నీళ్ళు తీసి లీటరుకి 20 గ్రాముల యూరియా గానీ 10 గ్రాముల 19-19-19 ఎరువు గానీ ఆకుల మీద కొట్టి, నేల ఆరాక మట్టి ఎగదోస్తే నిలబడుతుంది. వంగ, టమాటా, మిరపకి మొదళ్ళలో కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకి 3 గ్రాములు కలిపి పొయ్యండి.

కొబ్బరి, జీడి

కొబ్బరికి ప్రాణమంతా తల్లోనే, పక్క కొమ్మలు లేవు. తల విరిగిన చెట్టు మళ్ళీ రాదు, దాని మీద ఆశ పెట్టుకుని రెండేళ్ళు చోటు వృథా చెయ్యకండి. మొవ్వు, అంటే తల నడుమ లేత ఆకు, పచ్చగా నిలబడి ఉంటే మాత్రం మట్టలన్నీ విరిగినా నరకొద్దు, విరిగినవి తీసి మొవ్వులో కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకి 3 గ్రాములు కలిపి పొయ్యండి, మొవ్వు కుళ్ళు రాకుండా. ఐదారేళ్ళ లోపు చెట్లు ఒరిగితే పడిన వైపుకి ఎదురుగా గొయ్యి తీసి నెమ్మదిగా లేపి మట్టి తొక్కి గెడలు ఆనించండి.

పడిన మొద్దులు తోటలో వదిలేశారంటే రెండో తుఫాను అదే. కుళ్ళిన కొబ్బరి మొద్దులో కొమ్ము పురుగు పిల్లలు పెడుతుంది, గాయమైన చెట్టుకి ఎర్రముక్కు పురుగు వస్తుంది, గాలికి మిగిలిన చెట్లు వీటికి పోతాయి. మొద్దులు కోసి బయటికి పంపండి, లేదా కాల్చండి, గాయాలకి బోర్డో పేస్ట్ పూయండి.

జీడి వేళ్ళు సగం నేలలో ఉంటే ఆ చెట్టు బతుకుతుంది, కానీ వేరు ఎండకముందే లేపాలి, అంటే నాలుగైదు రోజుల్లో. ముందు కొమ్మలు బాగా కత్తిరించి బరువు తగ్గించి తర్వాత లేపండి. విరిగిన కొమ్మని చీలిక లేకుండా రంపంతో నున్నగా కోసి పేస్ట్ పెట్టాలి. పేస్ట్ అంటే కిలో మైలుతుత్తం ఐదు లీటర్ల నీళ్ళలో, కిలో సున్నం ఇంకో ఐదు లీటర్లలో విడివిడిగా కరిగించి ప్లాస్టిక్ తొట్టిలో కలపడమే, ఇనప బకెట్ పనికిరాదు. కలిపాక కత్తి మొన ముంచి చూడండి, ఎర్రగా రాగి పట్టిందంటే ఇంకాస్త సున్నం వెయ్యాలి.

కొత్త మొక్కలు వేస్తే కొబ్బరి కాపుకి ఆరేడేళ్ళు, జీడి మూడో ఏడు నుంచి. మధ్యలో ఇల్లు గడవాలి కదా, ఆ వరసల మధ్య అరటో, కూరగాయలో, పసుపో వేసుకోండి.

కాగితాలు

చేను దున్నేయకండి, కొట్టేయకండి, ముందు ఫోటోలు. ఫోన్లో లొకేషన్, తేదీ పడేలా, ఒకటి దగ్గర నుంచి, ఒకటి గట్టు, పక్కన గుర్తుపట్టే చెట్టో స్తంభమో కలిసి వచ్చేలా దూరం నుంచి. ఇన్సూరెన్స్ కట్టిన పంటకి 72 గంటల్లో చెప్పాలి, 14447కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబర్ రాసుకోండి. కోసి మడిలో ఆరబెట్టిన పంటకి కూడా కోత తర్వాత 14 రోజుల దాకా తుఫాను వానకి వర్తిస్తుంది, ఇది చాలామందికి తెలీదు.

ప్రభుత్వ సాయానికి 33 శాతం, ఆపైన నష్టం ఉండాలి. లెక్క ఈ-క్రాప్‌లో, అంటే ప్రభుత్వం ఆన్‌లైన్‌లో రాసుకునే పంట నమోదులో, ఏముందో దాన్ని బట్టే, కాబట్టి మీ పంట మీ పేరున ఎక్కిందో లేదో తుఫాను రాకముందే రైతు సేవా కేంద్రంలో చూసుకోండి. కౌలు రైతులకి సాగు హక్కు కార్డు ఉండాలి, అది 11 నెలలకే, అయిపోయిందేమో చూడండి. భూమి గలాయన సంతకానికి వెనకాడితే ఊరి పెద్దల్ని పెట్టి మాట్లాడించండి, కష్టం చేసినవాడికి కాగితం లేకపోతే సాయం పడేది ఆయన ఖాతాలో. జాబితా నోటీసు బోర్డు మీద పెట్టగానే వెళ్ళి పేరు చదువుకోండి, తప్పుంటే ఆ గడువులోనే రాసి ఇచ్చి రసీదు తీసుకోండి. చనిపోయిన పశువుని డాక్టర్ చూసి రాయకుండా పూడ్చకండి.

ఏటి ఒడ్డు మడుల్లో ఇసుక మేట వేస్తే దానికి వేరే సాయం ఉంది, మేట మూడంగుళాలు దాటాలి. నాలుగైదు చోట్ల గొయ్యి తీసి స్కేలు నిలబెట్టి ఫోటో తీయండి, అంకెలు కనిపించాలి. తీసిన ఇసుక గట్టు మీదే పోస్తే మళ్ళీ వానకి మడిలోకే వస్తుంది.

మా ఊళ్ళో ఈ ఏడు కాలువ పని వినాయకుడి నిమజ్జనం మర్నాడు పెట్టుకున్నాం, పొద్దున్న ఆరింటికి గెడ్డ కలిసే చోట, ఇంటికో మనిషి, పారలు ఎవరివి వాళ్ళవి. మా పక్క చేను ఆయన కొడుకు ట్రాక్టర్ తెస్తానన్నాడు, తూటుకాడ అంతా దూరంగా తీసుకెళ్ళి పారబొయ్యడానికి.